కాగితాలు దాచే ఇల్లు

విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజరులో కిటికీ పక్క సీటు కోసం జరిగే గొడవంతా సొరంగాల కోసమే. కొత్తవలస దగ్గర పెద్ద లైను వదిలి బండి కొండల వైపు తిరుగుతుంది. మల్లివీడు, లక్కవరపుకోట, ఆ తర్వాత శృంగవరపుకోట. సొరంగాలు ఇంకా మొదలవవు కాబట్టి ఈ స్టేషన్లతో ఎవరికీ పని లేదు. ఇడ్లీ పొట్లాలు విప్పుకునే వేళ అది. బొడ్డవర దాటి, శివలింగపురం చేరాక గాని పిల్లల కేకలు మొదలు కావు.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దింపి జపాను పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకెక్కుతుంది. ఖనిజం దిగే దారినే ఇప్పుడు పర్యాటకులు అద్దాల పెట్టెల్లో ఎక్కుతున్నారు. దిగే ఖనిజానికీ ఎక్కే పర్యాటకులకూ శృంగవరపుకోట నడుమ తగిలే ఊరే. స్థానికులకు మాత్రం ఇది ఎస్. కోట. బస్సు బోర్డు మీదా అంతే, పెళ్లి శుభలేఖ మీదా అంతే.

నాతో పాటు దిగినవాళ్లలో కాలేజీ పిల్లలు, కోర్టు పని మీద వచ్చినవాళ్లు, పుణ్యగిరి మొక్కు ఉన్న ఒక కుటుంబం. నా సంచిలో ఒక జిరాక్సు కట్ట ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాష మీద రాసిన పుస్తకం చివర ఉన్న పదాల పట్టిక అది. కొండదొరలు మాట్లాడే ఈ భాషను మాట్లాడేవాళ్లు కూబి అంటారు. హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ 1969లో ఆ పుస్తకాన్ని అచ్చు వేసింది. కథలు, వ్యాకరణం, పదకోశం మూడూ ఒకే అట్టల మధ్య ఉంటాయి. సమాచారం అరకు లోయది. లోయలో ఈ భాష ఉందని పుస్తకం చెబుతోంది, మైదానంలో తెలుగు ఉందని మన చెవులు చెబుతున్నాయి. ఈ రెంటికీ మధ్య, కొండ ఎక్కే ఏ మలుపు దగ్గర ఒకటి ఆగి మరొకటి మొదలవుతుందో చూద్దామనే నేను వచ్చాను.

బజారులో కొండ సరుకు చూస్తే కొండ ఎంత దగ్గరో తెలుస్తుంది. చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు, పసుపు, కాలం కలిస్తే పనసకాయలు. ఒక కొట్టు ముందు చీపుళ్ల బేరం జరుగుతోంది. అమ్మే ఆడమనిషి కొండ నుంచి వచ్చింది, కొనే ఆయన ఊరివాడు. బేరమంతా అచ్చం ఎస్. కోట తెలుగులో. ఆమె డబ్బు కొంగున ముడేసుకుని వెళ్లాక కొట్టాయన్ని అడిగాను, వాళ్లలో వాళ్లు వేరే భాష మాట్లాడుకుంటారా అని.

"ఆళ్లకి వేరే బాసేటి బాబూ, తెలుగే. మరీ పైకెల్తే ఏదో మాటాడతారు. మనకి తెల్దు." కాసేపాగి, "ఏటి, సర్వేకొచ్చారా?" అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో కొండదొరల జనాభా రెండు లక్షల పైమాటే. 2011 జనగణనలో కొండ భాష మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు, ఒడిశాలో ఉన్నవాళ్లను కూడా కలుపుకొని, అరవై వేల చిల్లర. అంటే పేరుకు కొండదొరలైన ఎక్కువమంది ఇళ్లలో కూబి ఎప్పుడో ఆగిపోయింది. కిందికి దిగిన కొద్దీ ముందుగా ఆగింది. దీన్ని ఎవరూ బలవంతంగా ఆపలేదు. సంతలో తెలుగు కావాలి, బడిలో తెలుగు కావాలి, ఆసుపత్రిలో తెలుగు కావాలి. ఇంట్లో ఒక్క చోటే కూబి చాలు. ఒక్క చోటు కోసం పిల్లలకు ఎవరు నేర్పుతారు?

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సంగతి చెప్పాలి. మన భాషకు దగ్గరి చుట్టాలెవరంటే మనం తడుముకోకుండా కన్నడం అంటాం, లిపి చూసి. కృష్ణమూర్తి గారి వర్గీకరణలో లెక్క వేరు. తమిళం, మలయాళం, కన్నడం, తుళు ఒక కొమ్మ. తెలుగు ఉన్నది పక్క కొమ్మ మీద. ఆ కొమ్మ మీద మనతో ఉన్నవి గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ. మన తోడబుట్టినవాటిలో ఒక్కదానికీ వెయ్యేళ్ల సాహిత్యం లేదు. మండ అనే భాష ఒకటుందని పండితలోకానికి తెలిసిందే 1964లో. మన ఇంటి చరిత్ర రాయాలంటే సాక్ష్యం చెప్పాల్సింది ఈ తోబుట్టువులు. వాళ్లలో కొందరుండేది మన జిల్లాల అంచుల్లో, దిగువన ఉన్నవాళ్లు "ఏదో మాటాడతారు" అని వదిలేసే ఊళ్లలో.

ఒక్క ఉదాహరణ చాలు. ఓనమాలు దిద్దేటప్పుడు పెద్దవాళ్లు మనకు బండి ఱ ఒకటి నేర్పేవారు. మామూలు ర, ఈ ఱ నోట్లో ఒకేలా పలికేవి. రెండెందుకు అని అడిగితే దెబ్బ పడేది. పాత తెలుగులో అవి వేర్వేరు ధ్వనులు. శాసనాల్లో వాటిని విడివిడిగా రాశారు, తర్వాత జనం నోట కలిసిపోయాయి. మూల ద్రావిడంలో నుంచి వచ్చిన ఆ తేడాను కొండ భాష ఇప్పటికీ పలుకుతుంది. అంతే కాదు, గాలితో మాత్రమే పలికే, నాదం లేని మరో రకం ఱ కూడా ఆ భాషలో ఉంది. నన్నయ కాలపు శాసనం మీద మనం చదివేదాన్ని అరకులో ఒక అవ్వ మేక పిల్లను పిలుస్తూ పలుకుతుందన్నమాట. శకటరేఫ అనే ఈ బండి ఱ మీద మనవాళ్లు చేసిన చర్చలు గుట్టలున్నాయి. ఆ చర్చలు చేసినవాళ్లలో ఎంతమంది ఈ ఘాటు ఎక్కారో!

బొడ్డవర దాకా ఆటో. అక్కడ కొండ ఒక్కసారిగా లేస్తుంది. రోడ్డు కాశీపట్నం వైపు పోతుంది, రైలు శివలింగపురం వైపు. కొండమీది పల్లెలకు పోయే బాట మాత్రం ఈ రెంటికీ చెందదు. నాకు తోడొచ్చిన కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, కొండదొర. ఆ ఊరి పేరు, మనుషుల పేర్లు రాయనని అతనికి మాటిచ్చాను. ఇలాంటి ఊళ్లు పేపర్లో పడేది డోలీ ఫొటోతోనే. పురిటి నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా కర్రకు గుడ్డ కట్టి, మనిషిని అందులో కూర్చోబెట్టి, ఇద్దరిద్దరు మారుతూ రోడ్డు దాకా మోస్తారు. ఈ ప్రాంతపు గదబలు పాత రికార్డుల్లో పల్లకీ బోయీలుగా కనిపిస్తారు. దొరలను మోశారు, దివాన్లను మోశారు. నూరేళ్ల తర్వాత కూడా భుజం మీది కర్ర దిగలేదు. మోసే మనిషి మాత్రం ఇప్పుడు సొంత ఊరి మనిషి. రోడ్డు లేని చోట భాష గురించి మాట్లాడటం ఏ మొహంతో అని దారంతా నాకు అనిపిస్తూనే ఉంది. కుర్రాడిని అడిగాను కూడా. "రోడ్డు వస్తే బాగుంటది సార్. కానీ రోడ్డొచ్చిన ఊళ్లో మా మాట ఉండదు. రెండూ కావాలంటే ఎవర్నడగాలో తెల్దు" అన్నాడు.

ఊరు పాతిక గడపలు కూడా ఉండదు. పిల్లలందరూ తెలుగే. పెద్దవాళ్లూ తెలుగే, ఉత్తరాంధ్ర తెలుగు, కొంచెం సాగదీతతో. కుర్రాడు ఒక ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఈ ఊరి కోడలు. పుట్టిల్లు అనంతగిరి అవతల. కూబి ఆమెతోనే ఈ ఊరికి వచ్చింది. వచ్చి ఎక్కడికీ పోలేదు, ఆమె దగ్గరే ఉండిపోయింది.

"అప్పా, నీ పిల్లలకి నేర్పలేదా?"

"ఎందుకు బాబూ? అత్త తెలుగు, మావ తెలుగు, మొగుడు తెలుగు. నానొక్కదాన్నే ఎవులితో మాటాడను? పుట్టింటికెల్తే మాటాడేదాన్ని. ఇప్పుడు పుట్టింట్లో ఎవులూ నేరు."

జిరాక్సు కాగితాలు తీశాను. తెలుగు మాట నేను చెప్పడం, కూబి మాట ఆమె చెప్పడం, కుర్రాడు సెల్‌ఫోన్‌లో రికార్డు చేయడం. శరీర భాగాలు గబగబా వచ్చేశాయి. చుట్టరికాలు ఇంకా వేగంగా వచ్చాయి, ఒక్కొక్క వరసకూ ఒక్కొక్క మనిషిని గుర్తు చేసుకుంటూ. చెట్ల దగ్గర కాసేపు ఆగింది, కళ్లు మూసుకుంది, మళ్లీ నడిచింది. అంకెల దగ్గరికి వచ్చేసరికి మొదటి కొన్నీ కూబిలో చెప్పి, తర్వాతివన్నీ తెలుగులో చెప్పేసింది. అది ఆమె మరుపు కాదు, ఆ భాష ఇప్పుడు లెక్కపెట్టే పద్ధతే అది. నాదం లేని ఆ ఱ నా చెవికి అందిందని గట్టిగా చెప్పలేను. అందుకు తర్ఫీదు కావాలి. కృష్ణమూర్తి గారిలాంటివాళ్లు ఒక్క ధ్వని కోసం ఒకే మాటను పదిసార్లు చెప్పించుకుంటారు. పలికే మనిషి నోటి వైపే చూస్తూ కూర్చుంటారు.

మధ్యలో ఆమె ఆపేసింది. "ఇదంతా రాసుకుని ఏటి సేస్తావు బాబూ?"

పుస్తకంలో పెడతాం, భాష మిగులుతుంది లాంటి జవాబులు నా నోట్లోనే ఆగాయి. ఆమె మళ్లీ అడిగింది: "ఎక్కడెడతావు?"

ఎక్కడ పెడతావు అన్నదే అసలు ప్రశ్న.

గిడుగు రామమూర్తి పంతులు గారి జీవితం చూస్తే ఈ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది. ఆయన 1863 ఆగస్టు 29న ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులు. ఆయన పుట్టినరోజున మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన యుద్ధం గురించి ఉపన్యాసాలు వింటాం. ఆ ఉపన్యాసాల్లో సవర గిరిజనుల ఊసు ఒక వాక్యంలో వస్తే వస్తుంది. నిజానికి ఆయన ఆయుష్షులో పెద్ద భాగం సవర భాషకే పోయింది. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర మనకు తోబుట్టువు కూడా కాదు. సంతాలీ, ముండారీల కుటుంబం. దూరపు బంధువులు కంబోడియా దిక్కున ఖ్మేర్ భాష దాకా ఉంటాయి. తెలుగు వ్యాకరణం తెలిసినంత మాత్రాన అక్కడ ఒక్క అడుగు పడదు.

కొండల్లో తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చింది. భాషను చెవితో పట్టుకోవాల్సిన మనిషికి చెవే పోయింది. అయినా ఆపలేదు. సవర పిల్లలకు బళ్లు పెట్టించారు, వాచకాలు రాశారు, కథలు, పాటలు సేకరించారు. ప్రభుత్వం డబ్బు బహుమానంగా ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారని చెప్పుకుంటారు. సవర భాషా వ్యాకరణం మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి 1931లో వచ్చింది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే ఇల్లు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరిలో పోయారు.

ఒక మనిషి, ఒక జీతం, ఒక ఇల్లు, ఆ ఇంట్లో కాగితాలు. కొడుకు సీతాపతి గారు తండ్రి దారిలో నడిచారు కాబట్టి కొంత నిలిచింది. కొడుకు వేరే ఉద్యోగం చూసుకుని ఉంటే? ఆ పుస్తకాలను ఆ తర్వాత సవర మీద పనిచేసిన విదేశీ పరిశోధకులు పునాదిగా వాడుకున్నారు. ఆ పునాది కింద మన సంస్థ ఒక్కటీ లేదు.

ఇదే కాలంలో మరో చోట ఇదే పని ఎలా జరిగిందో చూస్తే నాకు అసూయ పుడుతుంది. 1883లో హెల్సింకిలో ఒటో డోనర్ అనే పండితుడు ఫిన్నో-ఉగ్రియన్ సొసైటీని పెట్టాడు. ఫిన్లాండు అప్పటికి రష్యా చక్రవర్తి కింద ఉన్న చిన్న దేశం. సొంత భాషకే ఇంకా పూర్తి పరువు దక్కలేదు. అయినా వోల్గా నది నుంచి సైబీరియా దాకా చెదిరి ఉన్న తమ భాషా బంధువులను వెతకడానికి మనుషులను పంపారు, ఖర్చులిచ్చి, ఏళ్ల తరబడి. అర్తురి కన్నిస్తో అనే ఆయన 1901లో మాన్సీ జాతి దగ్గరికి వెళ్లి 1906 దాకా ఉన్నాడు. బస్తాల కొద్దీ కాగితాలతో తిరిగొచ్చాడు. అవన్నీ అచ్చు చూడకుండానే 1943లో పోయాడు. మన దగ్గరైతే కథ అక్కడితో ముగుస్తుంది. అక్కడ మత్తి లీమోలా అనే మరొకాయన ఆ కాగితాల ముందు కూర్చున్నాడు. మాన్సీ జానపద సాహిత్యం 1951 నుంచి 1982 దాకా ఏడు సంపుటాలుగా వచ్చింది. నిఘంటువు 2013లో వచ్చింది. రాసుకొచ్చిన నూట ఏడేళ్లకు! రష్యా 2010 జనగణనలో మాన్సీ మాట్లాడేవాళ్లు వెయ్యి లోపే.

కన్నిస్తో మహానుభావుడే, గిడుగు వారూ మహానుభావులే. ఇద్దరి ఓపికలో నాకు తేడా కనిపించదు. కన్నిస్తో కాగితాలకు ఆయన కంటే ఎక్కువ కాలం బతికే ఇల్లు దొరికింది. చిన్న భాషలను కాపాడేది మహానుభావులని మనం నమ్ముతాం, విగ్రహాలు పెడతాం. బీరువా తాళంచెవి ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ పోయే ఏర్పాటే కాపాడుతుందని ఆ ఏడు సంపుటాలు చెబుతున్నాయి.

ఒటో డోనర్ కొడుకు కై డోనర్ 1911 నుంచి 1914 దాకా సైబీరియాలో తిరిగాడు. సయాన్ పర్వతాల దిగువన కమాస్ అనే భాషను రాసుకున్నాడు. అప్పటికే కొద్దిమంది నోట మిగిలిన భాష. తర్వాత అది పోయిందనే అందరూ అనుకున్నారు. 1960ల్లో పరిశోధకులకు క్లావ్‌దియా ప్లొత్నికోవా అనే ముసలమ్మ కనిపించింది. మాట్లాడటానికి మనిషి లేక ఏళ్ల తరబడి దేవుడి ప్రార్థనల్లోనే ఆ భాషను వాడుకుందట. అగో క్యున్నాప్ ఆమె దగ్గర కూర్చుని గంటల కొద్దీ రికార్డు చేశాడు. 1970లో తాలిన్ నగరంలో జరిగిన ఫిన్నో-ఉగ్రిక్ పండితుల మహాసభకు ఆమెను పిలిచారు. 1989లో ఆమె పోయింది, ఆమెతో కమాస్ పోయింది. కూబికి ఆ గతి ఇప్పట్లో పట్టదు. అయితే కొండ దిగువన ఈ ఊరి వరకు చూస్తే, నా ఎదుట చాప మీద కూర్చుని చీమకు పేరు గుర్తు చేసుకుంటున్న ఈమె కూడా అలాంటి ఆఖరి మనిషే.

ఫిన్లాండులో ఆ పని ఇప్పటికీ ఆగలేదు. కోనె అనే ఫౌండేషన్ 2012 నుంచి 2016 దాకా చిన్న ఫిన్నో-ఉగ్రిక్ భాషలను నమోదు చేసేవాళ్లకు ప్రత్యేకంగా డబ్బిచ్చింది. ఆ పేరు మీరు చూసే ఉంటారు, అపార్ట్‌మెంట్ల లిఫ్టు తలుపు మీద. ఆ కంపెనీ వెనకనున్న కుటుంబం 1956లో పెట్టిన ఫౌండేషనే ఇది. విశాఖ బీచ్ రోడ్డులో పన్నెండో అంతస్తుకు మనల్ని ఎక్కించే పేరు వాళ్ల దేశంలో భాషలకు గ్రాంట్లు ఇచ్చింది. ఖనిజం, కాఫీ, కరెంటు అన్నీ ఈ కొండల నుంచి తీసుకునే మన కంపెనీలకు ఈ ఆలోచన ఎవరైనా చెబితే బాగుండు. సామాజిక బాధ్యత పద్దు కింద రంగు వేసిన బస్సు షెల్టర్లు చాలానే అయ్యాయి.

మనకు ఏమీ లేదనడం అన్యాయం. మైసూరులో 1969 నుంచి భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది. గిరిజన పరిశోధన సంస్థ 1963 నుంచి ఉంది. ఈ సంస్థే అచ్చు వేయకపోతే నా సంచిలో జిరాక్సు ఉండేది కాదు. పేరి భాస్కరరావు గారు కొనెకోర్ గదబ మీద రాసిన పుస్తకాన్ని పుణె దక్కన్ కాలేజీ 1980లో వేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కొండ, కువి, కోయ, గోండీ, కోలామీ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో ఒకటో తరగతి నుంచి వాచకాలు చేశారు, తెలుగు లిపిలోనే. ఆ వాచకాలు చేసింది ఆ భాషల టీచర్లే. ఆ పని జరిగిన తీరు మీద నాకు గౌరవం ఉంది. బోధించే మనుషులను తర్వాత ఎలా చూశారన్నది వేరే కథ.

ప్రభుత్వ పద్ధతుల్లో ఉన్న చిక్కు ఇంకొకటి. కేంద్రం 2013లో అంతరించే భాషల కోసం పెట్టిన పథకం పదివేల లోపు మాట్లాడేవాళ్లున్న భాషలకు. జనగణన కూడా పదివేల గీత కిందున్న భాషలను విడిగా చూపదు. కొండ భాషకు అరవై వేలున్నారు కాబట్టి అది ప్రమాదంలో లేనట్టే లెక్క. ఈ ఊళ్లో ఒక్కతే ఉందన్న సంగతి ఏ పట్టికలోనూ పడదు. గదబ సంగతి మరీ విచిత్రం. 2011 లెక్కలో గదబ మాట్లాడేవాళ్లు నలభై వేల చిల్లర అని ఉంటుంది. ఆ ఒక్క పేరు కింద రెండు భాషలున్నాయి. ఒకటి గుతోబ్, సవర కుటుంబానిది. రెండోది ఒల్లారి లేదా కొనెకోర్, ద్రావిడ కుటుంబానిది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. లెక్క రాసుకునేవాడికి తెగ పేరు ఒకటే కాబట్టి భాషా ఒకటే అయిపోయింది. రెంటిలో ఏది తరిగిపోతోందో ఆ అంకె చూసి ఎవరూ చెప్పలేరు.

నన్నడిగితే బీరువా ఇక్కడే ఉండాలి. హైదరాబాదులోనో మైసూరులోనో ఉంటే ఈ కుర్రాడు వెళ్లలేడు. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. ఎస్. కోట నుంచి బస్సులో పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఆ విశ్వవిద్యాలయంలో ఒక గది చాలు. ఫోన్లలో రికార్డయిన ప్రతి మాటా అందులో చేరాలి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ రోజు అన్న చీటీతో సహా. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా బయటికి పోకూడదు. రాసి పెట్టే పనికి ఆ భాషవాళ్లకే జీతమివ్వాలి. ఒక గంట రికార్డింగును మాట మాటా విడదీసి, అర్థం రాసి, సరిచూడటానికి పదుల గంటలు పడుతుంది. ఉచిత సేవగా ఎవరూ చేయలేని పని అది. చేయమని అడగడం కూడా తప్పే. గిడుగు వారు సొంత డబ్బుతో చేశారని మురిసిపోవడం మనకు అలవాటైపోయింది. ఆయనకు ఆ ఖర్చు పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందని అడగం.

వచ్చే ముందు ముసలమ్మకు ఆమె గొంతు ఆమెకే వినిపించాం. నవ్వి, మనవరాలిని పిలిచింది. ఆ పిల్ల విని, "ఇదేటి మామ్మా, ఇంగ్లీసా?" అంది. కుర్రాడు ఆ రికార్డింగును తన ఫోన్లోనే ఉంచుకున్నాడు. నా దగ్గరొక కాపీ ఉంది. ప్రస్తుతానికి బీరువా అదే.

మర్నాడు అనంతగిరి వైపు వెళ్లాను. త్యాడ దాటాక జీపులో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు, కాఫీ తోటల పనికి పోతున్నారు. ఇద్దరూ వాళ్లలో వాళ్లు కూబి మాట్లాడుకుంటున్నారు. ఘాటు రోడ్డు మొదట్లో ఒక్కదాని దగ్గరే మిగిలిన భాష ఇక్కడ జీపు నిండా ఉంది. కాగితాలు తీసి, వచ్చిన మాట వచ్చినట్టు చదివాను. మొదట నవ్వారు. నా ఉచ్చారణ అంత ఘోరంగా ఉందేమో. తర్వాత పెద్దామె సీటు అంచుకు జరిగి, ఒక్కొక్క మాటా తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. ఇది మాదే. ఇది లోయోళ్లంటారు, మేం అనం. ఇది మా నాయనమ్మ అనేది. ఒక పురుగు పేరు దగ్గర చిన్నామె ఒప్పుకోలేదు. తమ ఊళ్లో మాట చివర వేరేగా ఉంటుందంది. పెద్దామె అదేం కాదంది. పుస్తకంలో ఉన్నది తమ మాటేనని నా వైపు చూసి ఒత్తి చెప్పింది. చిన్నామె కాగితం లాక్కుని, చదవడం రాకపోయినా ఆ వరస మీద వేలు పెట్టి, "ఇక్కడ మాది కూడా ఏయండి" అంది. వేశాను. పక్కన ఆమె ఊరి పేరు, తేదీ కూడా వేశాను. దిగాల్సిన చోటు వచ్చినా వాదన తెగలేదు. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. జీపు దిగి, తోటలోకి పోయే బాట మీద కూడా ఇద్దరూ ఆ పురుగు గురించే తగాదా పడుతున్నారు.